పరిశోధన దత్తాంశాల పరిరక్షణలో సాధారణ రిపాజిటరీలు: తెలుగు క్షేత్ర పరిశోధన దృష్టి

పరిశోధన సారాంశం

తెలుగు శాఖల్లో జరిగే జానపద, మాండలిక, శాసన, తాళపత్ర పరిశోధనల్లో సిద్ధాంత గ్రంథం భద్రంగా నిలుస్తున్నది. దానికి ఆధారమైన ధ్వనిముద్రణలు, పదపట్టికలు, ఛాయాచిత్రాలు మాత్రం చాలావరకు పరిశోధకుల సొంత పరికరాల్లోనే ఉండిపోయి కాలక్రమంలో నశిస్తున్నాయి. అన్ని శాస్త్రాల దత్తాంశాలనూ స్వీకరించే సాధారణ రిపాజిటరీలు ఈ లోటును తీర్చగలవు. వాటి స్వరూపాన్ని, వాటిలో దత్తాంశాన్ని చేర్చే ముందు చేయవలసిన పనిని, సమాచారదాతల హక్కులను, ఈ పద్ధతికున్న పరిమితులను ఈ వ్యాసం వివరిస్తుంది. రిపాజిటరీ ఫైలును కాపాడగలదు గాని దాని అర్థాన్ని కాపాడవలసింది పరిశోధకుడేనని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పరిశోధన దత్తాంశం, రిపాజిటరీ, డి.ఓ.ఐ., మెటాడేటా, క్షేత్ర పర్యటన, జెనోడో, యూనికోడ్, సమ్మతి.

1. ప్రవేశిక

తెలుగువారి స్థానిక చరిత్రకు కైఫీయత్తులు ముఖ్యమైన ఆధారాలు. కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య, వారి సహాయకులు ఊరూరా తిరిగి ఈ సమాచారాన్ని సేకరించారు. బొర్రయ్య 1803లో, మెకంజీ 1821లో మరణించారు. సేకరించినవారు పోయినా సేకరణ నిలిచింది. అందుకు మూడు కారణాలను గుర్తించవచ్చు. మొదటిది, అది వ్యక్తుల ఇళ్ళలో మిగిలిపోకుండా సంస్థల అధీనంలోకి వెళ్ళింది. రెండవది, హెచ్.హెచ్. విల్సన్ 1828లో ఆ సేకరణకు వివరణాత్మక సూచిని ప్రకటించారు. మూడవది, శిథిలమవుతున్న స్థానిక చరిత్రలకు సి.పి. బ్రౌన్ తిరిగి నకళ్ళు రాయించారు. నిక్షేపించడం, వర్ణించడం, నకలు తీయడం అనే ఈ మూడు పనుల వల్లనే నేటి పరిశోధకుడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఆ ఆధారాలను పరిశీలించగలుగుతున్నాడు.

నేటి పరిస్థితిని దీనితో పోల్చి చూడవలసి ఉంది. విశ్వవిద్యాలయ అనుదాన సంఘం 2009లో తెచ్చిన నిబంధనల తరువాత సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులను సమర్పించడం తప్పనిసరి అయింది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నిర్వహించే శోధగంగలో ఇప్పుడు లక్షల సంఖ్యలో సిద్ధాంత గ్రంథాలు లభిస్తున్నాయి. అయితే శోధగంగ భద్రపరిచేది గ్రంథాన్ని. ఒక జానపద కథాగానంపై వచ్చిన సిద్ధాంత గ్రంథంలో పాఠ్యం ఉంటుంది గాని కథకుడి గొంతు ఉండదు. మాండలిక పరిశోధనలో ముగింపులు ఉంటాయి గాని ఏ ఊరిలో, ఏ వయసువారు, ఏ పదాన్ని ఎలా పలికారో తెలిపే పూర్తి పట్టిక ఉండదు. ఆ కథకుడు మరణించి, పరిశోధకుడి హార్డ్ డిస్క్ పాడైతే, గ్రంథంలోని పాఠ్యాన్ని సరిచూసేందుకు మరో మార్గం ఉండదు. మలి పరిశోధకుడు దాన్ని నమ్మవలసిందే తప్ప పరీక్షించలేడు. ఇది కేవలం నిల్వకు సంబంధించిన సమస్య కాదు, పరిశోధన ప్రామాణికతకు సంబంధించిన సమస్య.

2. సాధారణ రిపాజిటరీ: స్వరూప స్వభావాలు

దత్తాంశ రిపాజిటరీలు స్థూలంగా మూడు విధాలు. ఒక విశ్వవిద్యాలయం తన పరిశోధకుల కోసం నడిపేది సంస్థాగత రిపాజిటరీ. ఒకే శాస్త్రానికి పరిమితమైనది విషయ రిపాజిటరీ. 1982లో ఏర్పడిన ఆర్కైవ్స్ అండ్ రీసెర్చ్ సెంటర్ ఫర్ ఎథ్నోమ్యూజికాలజీ, ఆస్ట్రేలియాలో 2003లో మొదలైన పారాడిసెక్ రెండవ కోవకు చెందినవి. శాస్త్ర భేదం, సంస్థ భేదం లేకుండా ఏ పరిశోధకుడి దత్తాంశాన్నైనా స్వీకరించేది సాధారణ రిపాజిటరీ. తన విషయానికి తగిన రిపాజిటరీ ఉంటే పరిశోధకుడు ముందుగా దానినే ఆశ్రయించడం మేలు. అది లేనప్పుడు, విశ్వవిద్యాలయంలో కూడా ఏర్పాటు లేనప్పుడు, సాధారణ రిపాజిటరీయే దిక్కు. తెలుగు పరిశోధకులలో అధికభాగం ఈ స్థితిలోనే ఉన్నారు.

గూగుల్ డ్రైవ్‌కు, యూట్యూబ్‌కు, రిపాజిటరీకి మధ్య మౌలికమైన తేడా ఉంది. డ్రైవ్‌లోని ఫైలు ఒక వ్యక్తి ఖాతాకు బద్ధమై ఉంటుంది. ఖాతా మూతపడితే ఫైలూ పోతుంది, ఫైలు చోటు మారితే లింకు పనిచేయదు. యూట్యూబ్ తనకు చేరిన దృశ్యశ్రవణాన్ని కుదించి చూపుతుంది, మూలప్రతిని ఉన్నదున్నట్లుగా అందరికీ అందించదు. రిపాజిటరీ మూలఫైలును యథాతథంగా నిలుపుతుంది. దానికి డి.ఓ.ఐ. అనే శాశ్వత గుర్తింపు సంఖ్యను ఇస్తుంది. దత్తాంశాలకు ఈ సంఖ్యలను అందించేందుకు 2009లో డేటాసైట్ అనే సంస్థ ఏర్పడింది. ఫైలు ఉన్న చిరునామా మారినా ఈ సంఖ్య మారదు కనుక, గ్రంథం పేరు, పుటసంఖ్య చూపినట్లే దత్తాంశాన్ని కూడా పాదసూచికలో నిశ్చింతగా చూపవచ్చు.

3. ప్రధాన రిపాజిటరీలు

జెనీవా సమీపంలోని సెర్న్ ప్రయోగశాల ఓపెన్‌ఎయిర్ ప్రాజెక్టులో భాగంగా 2013లో జెనోడోను ప్రారంభించింది. అలెగ్జాండ్రియా గ్రంథాలయపు తొలి గ్రంథపాలకుడు జెనోడోటస్ పేరు మీదుగా దానికా పేరు వచ్చింది. ఇది ఉచితం. ఒక్కో నమోదులో సాధారణంగా 50 జీబీ వరకు, 100 ఫైళ్ళ వరకు చేర్చవచ్చు. ఫైళ్ళు అంతకు మించితే వాటిని జిప్ రూపంలో కూర్చాలి. దత్తాంశాన్ని ప్రకటించక ముందే డి.ఓ.ఐ.ని రిజర్వు చేసుకునే వీలుండడం సిద్ధాంత గ్రంథ రచయితలకు ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. గ్రంథాన్ని సమర్పించే నాటికే ఆ సంఖ్యను ఆధారాల పట్టికలో చేర్చవచ్చు. సవరించిన ప్రతిని చేర్చినప్పుడు దానికి కొత్త డి.ఓ.ఐ. వస్తుంది. పాత ప్రతి కూడా నిలిచి ఉంటుంది. అన్ని ప్రతులనూ కలిపి సూచించే మరో డి.ఓ.ఐ. వేరుగా ఉంటుంది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయం నిర్వహించే హార్వర్డ్ డేటావర్స్ కూడా అన్ని దేశాల పరిశోధకులకు తెరిచి ఉంది. పట్టికల రూపంలోని దత్తాంశానికి ఇది అనువైనది. దీని వెనుకనున్న సాఫ్ట్‌వేర్‌ను ఏ విశ్వవిద్యాలయమైనా ఉచితంగా తెచ్చుకొని సొంత రిపాజిటరీని నెలకొల్పుకోవచ్చు. ఫిగ్‌షేర్ డిజిటల్ సైన్స్ అనే వాణిజ్య సంస్థకు, మెండెలీ డేటా ఎల్సెవియర్ ప్రచురణ సంస్థకు చెందినవి. డ్రయాడ్ లాభాపేక్ష లేని సంస్థ. అది దత్తాంశాన్ని నిపుణుల చేత పరిశీలింపజేస్తుంది, అందుకు రుసుము ఉంటుంది. హక్కులన్నీ వదులుకునే సి.సి.జీరో పద్ధతిలోనే దత్తాంశాన్ని స్వీకరిస్తుంది కనుక కళాకారుల ధ్వనిముద్రణలకు అది తగినది కాదు. సెంటర్ ఫర్ ఓపెన్ సైన్స్ నిర్వహించే ఓ.ఎస్.ఎఫ్. పరిశోధన నడుస్తుండగానే ఫైళ్ళను క్రమపరుచుకోవడానికి అనుకూలం. ఏ విషయానికి ఏ రిపాజిటరీ ఉన్నదో వెదకడానికి రీ3డేటా అనే సూచిక ఉంది. రిపాజిటరీల పరిమితులు, నియమాలు మారుతుంటాయి కనుక దత్తాంశాన్ని చేర్చే రోజున వాటిని సరిచూసుకోవడం అవసరం.

4. దత్తాంశాన్ని సిద్ధం చేయడం

2016లో ‘సైంటిఫిక్ డేటా’ పత్రికలో ప్రకటితమైన ఫెయిర్ సూత్రాలు దత్తాంశానికి నాలుగు లక్షణాలు ఉండాలన్నాయి: వెదికితే దొరకాలి, దొరికినది అందాలి, ఇతర దత్తాంశాలతో పొసగాలి, తిరిగి వినియోగపడాలి. వీటిలో మొదటి రెండింటికి రిపాజిటరీ చాలావరకు సాయపడుతుంది. చివరి రెండూ పరిశోధకుడి శ్రమ మీదనే ఆధారపడతాయి. ఒగ్గుకథ ధ్వనిముద్రణల సంకలనాన్ని ఉదాహరణగా తీసుకొని దీనిని పరిశీలించవచ్చు.

4.1 ఫైలు రూపం: ధ్వనిని కుదించని వేవ్ రూపంలో భద్రపరచడం శ్రేయస్కరం. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్ల పరిమాణాన్ని కనీస ప్రమాణంగా సూచించింది. రెండు ఛానళ్ళలో ఈ ప్రమాణంతో చేసిన ధ్వనిముద్రణకు గంటకు సుమారు 1 జీబీ స్థలం పడుతుంది. అంటే జెనోడోలోని ఒకే నమోదులో దాదాపు 48 గంటల ఒగ్గుకథ ఇముడుతుంది. ఎం.పి.3లో చేసిన ధ్వనిముద్రణను వేవ్‌గా మార్చినా పోయిన నాణ్యత తిరిగి రాదు కనుక దానిని ఉన్న రూపంలోనే చేర్చి ఆ విషయాన్ని తెలపాలి. పదపట్టికలను సి.ఎస్.వి. రూపంలో, పాఠ్యాన్ని సాదా టెక్స్ట్ రూపంలో ఇస్తే ఏ సాఫ్ట్‌వేర్ కనుమరుగైనా అవి చదవడానికి వీలుగా ఉంటాయి. ఫైళ్ళ పేర్లు ఆంగ్ల అక్షరాలతో, అంకెలతో, ఖాళీలు లేకుండా ఉండి, సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో తేదీని సూచించడం మంచిది.

4.2 లిపి సంకేతం: తెలుగు దత్తాంశాలకు ఇది ప్రత్యేకమైన సమస్య. అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పాఠ్యం ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. అందులో ఒక పదాన్ని వెదకడం సాధ్యం కాదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుండే స్థానం ఉంది. పాఠ్యాన్ని యూనికోడ్‌కు మార్చిన తరువాత మూలంతో పోల్చి చదవాలి. మార్పిడిలో వత్తులు, అరసున్న, బండి ఱ వంటివి తారుమారయ్యే అవకాశం ఉంది. మాండలిక ఉచ్చారణను చూపడానికి పరిశోధకుడు సొంతంగా కల్పించుకున్న గుర్తులు ఉంటే వాటి పట్టికను కూడా జతచేయాలి.

4.3 వర్ణన: దత్తాంశాన్ని గురించిన సమాచారమే మెటాడేటా. 1828 నాటి విల్సన్ సూచి చేసిన పనిని నేడు ఇది చేస్తుంది. ‘ఒగ్గుకథ 1’, ‘కొత్త రికార్డింగ్’ వంటి పేర్లతో చేర్చిన ఫైలు శాశ్వతంగా ఉన్నా ఎవరికీ ఉపయోగపడదు. ప్రతి ధ్వనిముద్రణకు కథ పేరు, కథకుడు, వంతపాటకులు, వాద్యాలు, ప్రదర్శన సందర్భం, స్థలం, తేదీ, వ్యవధి, సేకర్త, వాడిన పరికరం అనే వివరాలు ఉండాలి. కొలుపులో జరిగిన ప్రదర్శనకు, పరిశోధకుడి కోరికపై ఇంటి వాకిట్లో పాడిన పాటకు మధ్య భేదం ఉంటుంది. దానిని తెలపకపోతే మలి పరిశోధకుడు పొరబడతాడు.

స్థల వివరాలలో మరింత జాగ్రత్త వహించాలి. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో ఆ సంఖ్య 33కు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. 2016కు ముందు చేసిన సేకరణలో ‘వరంగల్ జిల్లా’ అని మాత్రమే ఉంటే, ఆ ఊరు నేడు జనగామ జిల్లాలోనిదో, మహబూబాబాద్ జిల్లాలోనిదో, ములుగు జిల్లాలోనిదో చెప్పడం కష్టం. గ్రామం, మండలం, సేకరణ నాటి జిల్లా, నేటి జిల్లా, వీలైతే అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయడం వల్ల ఈ సందిగ్ధత తొలగుతుంది. శీర్షికను, సంగ్రహ వివరణను తెలుగులోను, ఆంగ్లంలోను ఇవ్వాలి. తెలుగు తెలియని జానపద శాస్త్రవేత్తకు ఒగ్గుకథ దొరకాలన్నా, తెలుగులో వెదికే విద్యార్థికి అదే దొరకాలన్నా ఇది అవసరం. ఈ వివరాలన్నిటినీ ‘రీడ్‌మీ’ అనే సాదా పాఠ్య ఫైలుగా కూడా రాసి జతచేయాలి.

5. సమ్మతి, హక్కులు

క్షేత్ర దత్తాంశం పరిశోధకుడి సొత్తు మాత్రమే కాదు. సంప్రదాయ గేయానికి వ్యక్తిగత కర్త లేకపోవచ్చు గాని దానిని గానం చేసిన కళాకారుడికి హక్కు ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో జరిగిన సవరణ ప్రదర్శనకారుల హక్కును ప్రత్యేకంగా గుర్తించింది. ప్రస్తుతం దాని వ్యవధి 50 సంవత్సరాలు. అచ్చయిన గ్రంథాల విషయంలో రచయిత మరణానంతరం 60 సంవత్సరాల వరకు కాపీరైట్ ఉంటుంది. కనుక పరిశోధన కోసం స్కాన్ చేసుకున్న ఆధునిక గ్రంథాలను దత్తాంశంగా రిపాజిటరీలో ఉంచరాదు. వాటి నుండి తయారుచేసిన పదసూచి, గణాంక పట్టిక వంటివి వేరు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం వ్యక్తి సమ్మతికి ప్రాధాన్యం ఇచ్చింది. సమ్మతి కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషల్లో పొందే వీలు కల్పించింది. పరిశోధనకు చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నా, ఒక వ్యక్తి గొంతును ప్రపంచమంతటికీ వినిపించే ముందు ఆయన అంగీకారం పొందడం పరిశోధన నీతి. ఈ అంగీకారాన్ని మూడు ప్రశ్నలుగా విడదీసి అడగాలి. ధ్వనిముద్రణ చేయవచ్చా? గ్రంథంలో ఉపయోగించవచ్చా? ఎవరైనా వినేలా ఇంటర్నెట్‌లో ఉంచవచ్చా? మొదటి ప్రశ్నకు అవునన్నవారు మూడవ ప్రశ్నకు కాదనవచ్చు. అక్షరజ్ఞానం లేనివారి సమ్మతిని వారి మాటల్లోనే ధ్వనిముద్రణ చేయవచ్చు. పేరు ప్రకటించడం కళాకారుడికి గౌరవమైతే, కుల వివక్ష గురించి మాట్లాడిన సమాచారదాతకు అదే ముప్పు కావచ్చు. కనుక పేరు చెప్పాలా వద్దా అన్నది కూడా వారినే అడగాలి. ఫోను నంబర్లు, ఆధార్ వివరాలు, ఇంటి చిరునామాలు ఏ ఫైలులోనూ మిగలరాదు.

సవర, కోయ, కొండరెడ్డి, చెంచు వంటి సమూహాల పాటలు, క్రతువుల విషయంలో వ్యక్తి సమ్మతితో పాటు సమూహపు మాట కూడా ముఖ్యం. ఆదివాసీ దత్తాంశాలకై 2019లో రూపొందిన కేర్ సూత్రాలు సమష్టి ప్రయోజనాన్ని, నియంత్రించే అధికారాన్ని, బాధ్యతను, నీతిని ప్రధానంగా పేర్కొన్నాయి. బయటివారు వినకూడదని భావించే క్రతుగీతాన్ని అందరికీ తెరవడం పరిరక్షణ అనిపించుకోదు.

అన్నిటినీ తెరిచి ఉంచడమే రిపాజిటరీ ఉద్దేశమనే అపోహ కొందరిలో ఉంది. జెనోడో వంటివాటిలో వర్ణనను అందరికీ చూపి, ఫైళ్ళను మాత్రం పరిమితం చేయవచ్చు. నిర్ణీత తేదీ వరకు మూసి ఉంచి, ఆపైన తెరిచేలా ఏర్పాటు చేసుకోవచ్చు. తన దత్తాంశంతో మరొకరు ముందుగా వ్యాసం రాస్తారేమోనన్న పరిశోధకుడి భయానికి ఇది తగిన సమాధానం. ఇక లైసెన్సు విషయానికి వస్తే, పదపట్టికలకు కర్తృత్వాన్ని పేర్కొంటే చాలుననే సి.సి.బై సరిపోతుంది. కళాకారుల గానానికి వాణిజ్య వినియోగాన్ని అనుమతించని సి.సి.బై-ఎన్.సి. తగినది. తెరిచిన లైసెన్సును ఒకసారి ఇచ్చాక, అప్పటికే ఆ ప్రతిని తీసుకున్నవారి నుండి దానిని వెనక్కు తీసుకోలేము కనుక ఈ నిర్ణయం సమ్మతి పత్రానికి లోబడి ఉండాలి.

6. పరిమితులు

సాధారణ రిపాజిటరీలలో చాలావాటిలో దత్తాంశపు నాణ్యతను విషయ నిపుణులు పరిశీలించరు. డి.ఓ.ఐ. ఉన్నంత మాత్రాన దత్తాంశం ప్రామాణికమైనదని భావించరాదు. అది ఫలానా వస్తువు ఫలానా చోట ఉందని మాత్రమే చెబుతుంది. చెక్‌సమ్ అనే అంకెల ముద్ర ద్వారా ఫైలు చెక్కుచెదరలేదని రిపాజిటరీ నిర్ధారించగలదు గాని, ఆ ఫైలులోని పాఠ్యం కథకుడు పాడినదేనా అన్నది నిర్ధారించలేదు. ప్రకటించిన నమోదును ఇష్టానుసారం తొలగించడం కూడా కుదరదు. తొందరపడి చేర్చిన వ్యక్తిగత సమాచారం అప్పటికే ఇతరుల చేతికి చేరి ఉండవచ్చు.

సంస్థల మనుగడ కూడా ఆలోచించవలసిన అంశమే. జెనోడో తన హామీని సెర్న్ మనుగడతో ముడిపెట్టింది. వాణిజ్య సంస్థల విధానాలు యాజమాన్యంతో పాటు మారవచ్చు. అందువల్ల ఏ ఒక్క రిపాజిటరీనీ ఏకైక ఆధారంగా చేసుకోరాదు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒక ప్రతి వేరొక చోట అనే నియమాన్ని పాటించాలి. ఒక ప్రతిని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి, వీలైతే మరొకటి కళాకారుడి కుటుంబానికి ఇవ్వడం సముచితం. తాత గొంతు జెనీవాలో భద్రంగా ఉండి, మనుమడికి అందకపోతే ఆ భద్రత అసంపూర్ణమే అవుతుంది.

7. పర్యవేక్షకుల, శాఖల బాధ్యత

సిద్ధాంత గ్రంథం పూర్తయ్యాక దత్తాంశాన్ని సర్దడం మొదలుపెడితే ఆ పని సాధారణంగా పూర్తికాదు. అప్పటికి తేదీలు, ఊళ్ళ పేర్లు మరపున పడతాయి. ఉద్యోగాన్వేషణలో పరిశోధకుడికి తీరిక ఉండదు. మొదటి క్షేత్ర పర్యటనకు ముందే వివరాల పట్టికను, సమ్మతి పత్రాన్ని సిద్ధం చేయించడం, పర్యటన ముగిసిన వారంలోగా ఆ పట్టికను నింపించడం పర్యవేక్షకులు చేయగలిగిన పని. సమర్పణకు ముందు జరిగే సెమినార్‌లో ‘ఆధారాలు ఎక్కడ ఉన్నాయి, ఎవరు చూడవచ్చు’ అనే ప్రశ్నకు సమాధానం కోరవచ్చు. గ్రంథంలో దత్తాంశ లభ్యతను తెలిపే ఒక పేరాను చేర్చడానికి ఏ కొత్త నిబంధనా అవసరం లేదు. పదవీ విరమణ చేసిన ఆచార్యుల వద్ద క్యాసెట్లు, కార్డులు ఇంకా మిగిలి ఉన్నచోట, వాటిని డిజిటల్ రూపంలోకి మార్చి వర్ణించడాన్నే ఒక పరిశోధనాంశంగా శాఖలు గుర్తించవచ్చు. టేపు వయసు పెరిగేకొద్దీ ఈ అవకాశం తగ్గుతుంది. ఇతరుల దత్తాంశాన్ని వాడుకున్నప్పుడు గ్రంథాన్ని ఉటంకించినట్లే దానిని కూడా డి.ఓ.ఐ.తో ఉటంకించడం అలవాటైతే, సేకర్త శ్రమకు తగిన గుర్తింపు లభిస్తుంది.

ముగింపు

ఖర్చు లేకుండా, ఎవరి సిఫారసూ అవసరం లేకుండా, ఒక చిన్న కళాశాలలోని అధ్యాపకుడు కూడా తన క్షేత్ర దత్తాంశాన్ని దీర్ఘకాలం నిలుపుకునే సౌకర్యాన్ని సాధారణ రిపాజిటరీలు కల్పించాయి. కైఫీయత్తులను నిలిపిన మూడు పనుల్లో నిక్షేపించడం, నకలు తీయడం అనే రెండింటిలో అధికభాగాన్ని ఇవి నిర్వహించగలవు. వర్ణించడం మాత్రం ఊరికి వెళ్ళినవాడు, కథ విన్నవాడు, అనుమతి అడిగినవాడు చేయవలసిన పని. ఆ పని జరగని ఫైలు ఎంతకాలం నిలిచినా మూగదే. అది జరిగితే, నేటి సిద్ధాంత గ్రంథంలోని ప్రతిపాదనలను రేపటి పరిశోధకుడు సమర్థించడానికైనా, ఖండించడానికైనా ఆధారం మిగిలి ఉంటుంది.